ఆదివారం సెలవు తెచ్చిన మనిషి: నారాయణ మేఘాజీ లోఖండే గారి జీవితం

మన వార్షికోత్సవ సంచికల్లో మామూలుగా మన కులపెద్దల గురించి, మార్కండేయ మందిరాలు కట్టించిన దాతల గురించి, సంఘం కోసం కష్టపడినవాళ్ళ గురించి చదువుకుంటూ ఉంటాం. ఈసారి మేము మన కులం కాని ఒక పెద్దమనిషి గురించి రాయాలనుకున్నాం. ఆయన నేతగాళ్ళ ఇంట పుట్టలేదు, తెలుగువాడు కూడా కాదు. అయినా ముంబయి, షోలాపూర్ గిర్నీల్లో పనిచేసిన మన తాతముత్తాతలకు వారానికో రోజు సెలవు దొరకడం వెనక ఆయన కష్టం ఉంది. ఆయనే నారాయణ మేఘాజీ లోఖండే గారు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నామంటే, మన పిల్లల్లో లా చదివేవాళ్ళు, సేఫ్టీ కోర్సులు చేసేవాళ్ళు పెరుగుతున్నారు. పనిచోట ఆరోగ్యం, భద్రత గురించిన చట్టాన్ని సెక్షన్ల వారీగా బట్టీ పట్టి పరీక్ష రాయొచ్చు. కానీ ఆ సెక్షన్ ఎవరి వేలు తెగితే పుట్టిందో, ఎవరు అడిగితే వచ్చిందో తెలిస్తే ఆ చదువు మనసులో నిలబడుతుంది. లోఖండే గారి జీవితం అలాంటి చదువే.

పుట్టుక, ఉద్యోగం

లోఖండే గారు 1848లో ఠాణేలో పుట్టారు. స్వగ్రామం పూణె జిల్లాలోని కన్హేర్‌సర్. పూలు, కూరగాయలు పండించుకుని బతికే మాలీ కులం. బీద కుటుంబం. మెట్రిక్ దాకా చదువుకుని రైల్వేలో, తపాలాలో చిన్న ఉద్యోగాలు చేశారు. ఆ తర్వాత బొంబాయి మాండవీలో ఒక బట్టల మిల్లులో స్టోర్‌కీపర్‌గా చేరారు.

ఆ ఉద్యోగమే ఆయన్ని మార్చింది. స్టోర్‌కీపర్ మగ్గం మీద కూర్చోడు, యజమాని గదిలోనూ కూర్చోడు. రెండు వైపులా చూస్తాడు. ఏ విభాగానికి ఎంత సామాను పోతోంది, ఏ పట్టా తెగింది, ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరి జీతం ఆగింది అన్నీ ఆయన కళ్ళ ముందే జరిగేవి.

బొంబాయిలో మొదటి బట్టల మిల్లు కావస్జీ నానాభాయ్ దావర్ 1854లో స్థాపించారు, 1856లో నడక మొదలైంది. తర్వాతి పాతికేళ్ళలో పరేల్, చించ్‌పోక్లీ వైపంతా పొగగొట్టాలు లేచాయి. కొంకణం నుంచి, దక్కను పల్లెల నుంచి జనం వచ్చి పడ్డారు. నిజాం రాజ్యం నుంచి మనోళ్ళు కూడా వచ్చారు. తెలుగు కూలీలను అక్కడివాళ్ళు కామాఠీలు అనేవాళ్ళు. కామాఠీపురాకు ఆ పేరు మనవాళ్ళ వల్లే వచ్చింది. కొందరు కట్టుబడి పనుల్లో, కొందరు గిర్నీ మగ్గాల మీద కుదురుకున్నారు.

ఆ రోజుల్లో మిల్లులకు కరెంటు దీపాలు లేవు. సూర్యుడు లేస్తే పని, సూర్యుడు దిగితే ఆపు. అంటే వేసవిలో రోజుకు 13, 14 గంటలు. మధ్యాహ్నం తినడానికంటూ ఒక సమయం ఉండేది కాదు. ఆదివారం మిల్లు ఆగినా కూలీకి విశ్రాంతి లేదు, సగం రోజు మరలు తుడవడానికి రావాల్సిందే. జీతం ఎప్పుడిస్తారో తెలియదు, ఇచ్చినా జరిమానాలు పోగా మిగిలిందే. పైన తిరిగే షాఫ్టులు, వాటి నుంచి దిగే తోలు పట్టాలు. పంచె కొంగు చిక్కుకుంటే మనిషే పోయేవాడు. దూది విప్పే గదుల్లో నుసి మంచులా కమ్ముకునేది. ఆడవాళ్ళూ చిన్నపిల్లలూ కూడా అందులోనే.

పూలే గారి బాట

జ్యోతిరావు పూలే గారు 1873లో పూణెలో సత్యశోధక సమాజం పెట్టారు. లోఖండే గారు ఆ బాట పట్టారు. ఇక్కడ మనం గర్వంగా చెప్పుకోవాల్సిన మాట ఒకటి ఉంది. బొంబాయిలో పూలే గారికి అండగా నిలిచినవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. జాయా కారాడీ లింగు, వ్యంకు బాలాజీ కాలేవార్ లాంటి వాళ్ళు ఆ సమాజానికి బొంబాయిలో కాళ్ళూ చేతులూ అయ్యారు. లోఖండే గారు పనిచేసింది ఇలాంటి మనుషుల మధ్యే.

కృష్ణారావు భాలేకర్ గారు 1877లో పూణెలో దీనబంధు అనే మరాఠీ పత్రిక మొదలుపెట్టారు. డబ్బు లేక అది నిలిచిపోయే స్థితికి వచ్చింది. 1880లో లోఖండే గారు ఆ పత్రికను బొంబాయికి తెచ్చి తన భుజాన వేసుకున్నారు. నెల నెలా జీతం వచ్చే ఉద్యోగం వదిలి, ఎప్పుడు మూతపడుతుందో తెలియని పత్రికను ఎత్తుకోవడం సంసారికి చిన్న విషయం కాదు. చనిపోయేదాకా ఆయన దాన్ని వదల్లేదు. రైతుల సంగతులు, మిల్లు కూలీల సంగతులు అందులో వారం వారం వచ్చేవి.

మొదటి చట్టం, దాని లోటు

1881లో మన దేశానికి మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. దీని వెనక కథ తెలుసుకోవాలి. బొంబాయి మిల్లులు పెరుగుతుంటే ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల యజమానులకు భయం పట్టుకుంది. ఇక్కడి కూలీల గంటలు తగ్గితే ఇక్కడి గుడ్డ ధర పెరుగుతుందని వాళ్ళ లెక్క. అందుకని ఇండియాలో చట్టం కావాలని ఒత్తిడి చేశారు. ఇక్కడి యజమానులు, చాలా జాతీయవాద పత్రికలు అది మన పరిశ్రమను చంపే కుట్ర అని ఎదిరించాయి. బొంబాయిలోనే సోరాబ్జీ షాపూర్జీ బెంగాలీ అనే పార్సీ పెద్దమనిషి మాత్రం నిజమైన దయతో చట్టం కోసం పాటుపడ్డారు.

రెండు వైపులా స్వార్థం ఉన్నచోట కూలీ పక్షాన నిలబడటం కష్టం. చట్టం కావాలంటే తెల్లవాడి మనిషి అంటారు, వద్దంటే కూలీ చస్తాడు. లోఖండే గారు చట్టం ఎవరికి లాభం అనే వాదనలో చిక్కుకోకుండా, మగ్గం దగ్గర నిలబడ్డవాడికి ఏం కావాలో దాన్నే పట్టుకున్నారు.

ఇంతకీ 1881 చట్టంలో ఏముంది? మర శక్తితో నడుస్తూ 100 మంది, అంతకు మించి పనిచేసే చోటే ఫ్యాక్టరీ. 7 ఏళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోకూడదు. 7 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 గంటలు, నెలకు 4 సెలవులు. ప్రమాదకరమైన మరలకు అడ్డుకంచె కట్టాలి. పెద్దవాళ్ళ పనిగంటల గురించి, ఆడవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. యజమానులేమో 99 మందిని చూపించి తప్పుకునే వీలుంది.

1884: ఐదు కోరికలు

చట్టాన్ని సవరించాలా అని చూడటానికి బొంబాయి ప్రభుత్వం 1884లో ఒక కమిషన్ వేసింది. ఆ కమిషన్ ముందు కూలీల మాట చెప్పేవాళ్ళెవరు? లోఖండే గారు ఆ సెప్టెంబరు 23, 26 తేదీల్లో పరేల్ ప్రాంతంలో మిల్లు కూలీల సభలు పెట్టారు. మన దేశంలో ఫ్యాక్టరీ కూలీలు తమ కోరికలు తామే తేల్చుకున్న మొదటి సభలుగా వీటిని చెబుతారు. అక్కడ తయారైన అర్జీ మీద 5 వేల మందికి పైగా సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. బాంబే మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ అలా మొదలైంది, దానికి ఆయనే అధ్యక్షుడు.

అర్జీలో ఐదు కోరికలున్నాయి. మన విద్యార్థులు ఈ ఐదింటినీ నోటికి నేర్చుకోవాలని మా కోరిక. ఎందుకంటే తర్వాత వచ్చిన కార్మిక చట్టాలు ఒక్కొక్కటీ వీటి దగ్గరికే వచ్చి ఆగుతాయి.

మొదటిది, ప్రతి ఆదివారం పూర్తి సెలవు. ఇది చట్టంలోకి రావడానికి 7 ఏళ్ళు పట్టింది, 1891లో వచ్చింది.

రెండోది, మధ్యాహ్నం అరగంట విరామం. ఇదీ 1891లోనే వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ చెప్పిన అరగంట ఈ అరగంటే.

మూడోది, పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి సూర్యాస్తమయానికి ఆపాలి. మగవాళ్ళ పనిగంటలకు మొదటిసారి హద్దు పడింది 1911లో, అదీ బట్టల మిల్లుల్లో రోజుకు 12 గంటలు. 1922లో వారానికి 60, 1934లో 54, 1946లో 48 గంటలు అయ్యాయి.

నాలుగోది, ఈ నెల జీతం వచ్చే నెల 15వ తేదీ దాటకుండా ఇవ్వాలి. 1936లో జీతాల చెల్లింపు చట్టం వచ్చేదాకా అంటే 52 ఏళ్ళు దీనికి దిక్కులేదు. ఆ చట్టం 7వ తేదీ, పెద్ద ఫ్యాక్టరీలకైతే 10వ తేదీ గడువు పెట్టింది.

ఐదోది అన్నిటికన్నా గొప్పది. పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే, నయమయ్యేదాకా పూర్తి జీతం ఇవ్వాలి. జన్మంతా పనికి రాకుండా పోతే బతకడానికి ఏదో ఒక ఏర్పాటు చేయాలి. కూలీ చెయ్యి తెగితే అది వాడి కర్మ అనుకునే రోజుల్లో అడిగిన మాట ఇది. పరిహార చట్టం వచ్చింది 1923లో, అర్జీ పెట్టిన 39 ఏళ్ళకు. అప్పటికి లోఖండే గారు పోయి 26 ఏళ్ళు.

1890: ఆదివారం వచ్చింది

1884 అర్జీతో వెంటనే ఏమీ జరగలేదు. కమిషన్ రాసిన మాటలు కాగితాల్లో ఉండిపోయాయి. లోఖండే గారు పట్టు వదల్లేదు. మళ్ళీ మళ్ళీ సభలు, మళ్ళీ మళ్ళీ అర్జీలు. ఆదివారమే ఎందుకు అంటే ఆయన చెప్పిన కారణం అందరికీ అర్థమయ్యేది. ఆదివారం ఖండోబా వారం. కూలీలు ఇల్లు అలుక్కుని దేవుణ్ణి కొలుచుకునే రోజు. తెలంగాణ నుంచి వలస వచ్చిన మన కుటుంబాలు మల్లన్నగా కొలిచే దేవుడు ఆ ఖండోబాయే కాబట్టి, ఈ మాట మనవాళ్ళకు ఇంకా దగ్గరగా తగిలి ఉంటుంది.

1890 ఏప్రిల్ 24న జరిగిన సభకు దాదాపు 10 వేల మంది కూలీలు వచ్చారు. ఆ సభలో ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. ఆ కాలంలో పెద్దింటి ఆడవాళ్ళే గడప దాటి సభల్లో మాట్లాడేవాళ్ళు కాదు, మిల్లు కూలి ఆడవాళ్ళు మాట్లాడారు. ఆ సభ చేసిన తీర్మానం మిల్లు యజమానుల సంఘానికి వెళ్ళింది. 1890 జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. సమ్మె కాకుండా, రక్తం చిందకుండా, సభలతో, అర్జీలతో సాధించుకున్న రోజు అది.

అదే ఏడాది భారత ప్రభుత్వం ఇంకో ఫ్యాక్టరీ కమిషన్ వేసింది. బొంబాయిలో దాని పనిలో లోఖండే గారికీ చోటు దక్కింది. 1891లో సవరించిన చట్టం వచ్చింది. 100 మంది అన్న హద్దు 50కి దిగింది. 9 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలోకి తీసుకోకూడదన్నారు, 9 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు 7 గంటలు. ఆడవాళ్ళకు 11 గంటలు. అందరికీ వారం సెలవు, మధ్యాహ్నం విరామం.

నిజం చెప్పాలంటే, ఆయన సంఘానికి ఈనాటి యూనియన్‌లా సభ్యత్వ పుస్తకం లేదు, చందా లేదు, రాసుకున్న నియమాలూ లేవు. అందుకని కొందరు చరిత్రకారులు దాన్ని యూనియన్ అనడానికి ఒప్పుకోరు. ఆయన కూలీల తరఫున మాట్లాడిన పెద్దమనిషి మాత్రమే అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే మాట్లాడేవాడే లేని రోజుల్లో వేలమంది వేలిముద్రలతో మాట్లాడటమే ఒక సంఘం అని మేము అనుకుంటున్నాం.

మిగతా సేవ, మరణం

లోఖండే గారు ఒక్క మిల్లుల పనితోనే ఆగలేదు. భర్త పోయిన ఆడవాళ్ళకు గుండు చేయించే ఆచారాన్ని ఎదిరించి, 1890లో బొంబాయి మంగలి సోదరులు ఆ పని ఇక మేం చేయం అని తీర్మానించుకోవడం వెనక ఆయన ఉన్నారు. 1893లో బొంబాయిలో హిందూ ముస్లిం గొడవలు జరిగినప్పుడు రెండు వైపుల కూలీలనూ కలిపి శాంతి నెలకొల్పడానికి తిరిగారు. ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. మొదట బయటపడింది మాండవీలోనే, ఒకప్పుడు ఆయన ఉద్యోగం చేసిన పేటలో. మిల్లు కూలీలు మూటాముల్లె కట్టుకుని ఊళ్ళకు పారిపోయారు. పోలేనివాళ్ళు ఇరుకు చాళ్ళలో చిక్కుకున్నారు. పేద రోగుల కోసం మరాఠా ఆసుపత్రి ఏర్పాటులో లోఖండే గారు ముందు నిలబడ్డారు. రోగుల మధ్య తిరుగుతూ తిరుగుతూ ఆయనకే ప్లేగు సోకింది. 1897 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. యాభై ఏళ్ళు కూడా నిండలేదు. అంటువ్యాధుల చట్టం వచ్చింది ఆ ఫిబ్రవరి 4న, అంటే ఆయన పోవడానికి ఐదు రోజుల ముందు.

చాలాకాలం ఆయన్ని ఎవరూ పెద్దగా తలచుకోలేదు. 2005లో భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు తెచ్చింది.

మన షెడ్లు, మన లెక్క

ఇప్పుడు మన సంగతికి వద్దాం. లోఖండే గారి కథలో మేము పదే పదే చూసేది ఒక అంకె. ఎంతమంది పనిచేస్తే ఫ్యాక్టరీ? 1881లో 100. 1891లో 50. 1922లో 20. 1948లో పవర్ ఉంటే 10, లేకపోతే 20. ప్రతి మెట్టులోనూ అంకె దిగుతూ వచ్చింది, అంటే చట్టం చిన్న షెడ్డు వైపు నడిచి వచ్చింది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే పవర్ ఉంటే 20, లేకపోతే 40 మంది ఉండాలి. పదిమంది ఉన్న చోట్లకు కొన్ని సాధారణ బాధ్యతలు ఉన్నా, అంకె ఇలా పైకి ఎక్కడం మనం గమనించాలి.

షోలాపూర్‌లో, భివండీలో మన సాంచాల షెడ్లు ఎలా ఉంటాయో చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. నాలుగు సాంచాలు, ఆరు సాంచాలు, ఇద్దరు ముగ్గురు పనివాళ్ళు. యజమానీ మనవాడే, పనివాడూ మనవాడే. మాకు తెలిసిన ఒక షెడ్డులో నాడె ఎగిరి కుర్రవాడి కన్ను పోయింది. ఆసుపత్రి ఖర్చు పెట్టారు, తర్వాత బంధువులం కదా అని మాట ముగించారు. ఆ కుటుంబం పరిహారం అడగొచ్చని చెప్పినవాళ్ళే లేరు. రాసిపెట్టిన కాగితం ఒక్కటి కూడా లేదు. ఇంట్లో గుంట మగ్గం మీద భార్యాభర్తలు నేసుకునే చోటికి చట్టం అసలు రాదు.

అందుకే ఈ చట్టాన్ని మనలో కొందరైనా చదవాలి. చట్టం మన గుమ్మం దాకా రాకపోయినా, అందులోని బుద్ధి మన షెడ్డులోకి రావాలి. సాంచాకు నాడె ఎగరకుండా అడ్డు పెట్టడానికి, పట్టాకు కంచె బిగించడానికి ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదు. దెబ్బ తగిలిన రోజే తేదీ వేసి, సాక్షుల పేర్లతో ఒక కాగితం రాసి పెట్టుకోవడానికి వకీలు అక్కర్లేదు.

ఆరోగ్యం గురించి ఒక మాట. దూది నుసి పీల్చేవాళ్ళకు బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దాని గుర్తు ఏమిటంటే, సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టు ఉండి, ఊపిరి ఆడదు. వారం గడిచేకొద్దీ తగ్గినట్టు అనిపిస్తుంది. చాలామంది జలుబు అనుకుని ఊరుకుంటారు. ఫ్యాక్టరీల చట్టం దీన్ని తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో పెట్టింది, పరిహార చట్టం వృత్తి జబ్బుగా గుర్తించింది. సోమవారం ఆయాసం వస్తే డాక్టరుకు మీరు చేసే పని ఏమిటో, ఎన్నేళ్ళుగా చేస్తున్నారో తప్పకుండా చెప్పండి. చూడండి, లోఖండే గారు తెచ్చిన ఆదివారం లేకపోతే ఈ సోమవారం తేడా ఎవరికి తెలిసేది?

చదువుకునే పిల్లలకు దారులున్నాయి. ముంబయి సయన్‌లో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, చెన్నైలో ప్రాంతీయ సంస్థ ఉంది. అక్కడ పారిశ్రామిక భద్రతలో డిప్లొమా చదువుకోవచ్చు. లా చదివేవాళ్ళు కార్మిక చట్టాన్ని ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. కొత్త కోడ్‌లు వచ్చాయి కాబట్టి పాత సెక్షన్ ఎక్కడ పోయింది, కొత్తది ఏం చెబుతోంది అని చూసేవాళ్ళు ఇప్పుడు మనకు చాలా అవసరం. కోడ్ వచ్చినా పాత చట్టం చదవడం మానొద్దు. ఉదాహరణకు 1948 చట్టం 85వ సెక్షన్ కింద, మనుషుల సంఖ్య తక్కువైనా ఒక చోటును ఫ్యాక్టరీగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉండేది. ఇలాంటివి తెలిసినవాళ్ళు సంఘంలో ఒకరిద్దరున్నా అర్జీ ఎలా రాయాలో, ఏం అడగాలో తెలుస్తుంది.

లోఖండే గారు వకీలు కాదు. ఒక స్టోర్‌కీపర్. కళ్ళతో చూసింది కాగితం మీద పెట్టి, వేలమంది చేత వేలిముద్ర వేయించి, పదే పదే తలుపు తట్టారు. ఐదు కోరికల్లో ఆయన బతికుండగా తీరినవి రెండే. మిగతావి తీరడం చూడకుండానే వెళ్ళిపోయారు. అయినా ఆ అర్జీలో రాసినవి ఒక్కొక్కటిగా చట్టమయ్యాయి.

ప్రతి ఊరి సంఘం తన వార్షిక సభలో ఒక గంట ఈ విషయానికి ఇవ్వాలని, లా చదివే పిల్లల్ని పిలిచి మన షెడ్ల సంగతులు వాళ్ళ చేత రాయించాలని మా మనవి. పనిచేసే చేతులు క్షేమంగా ఉంటేనే మన మగ్గం, మన ఇల్లు, మన సంఘం.